పత్తిసీమలో తెరల రాజ్యము
జనరంజక సంస్కృతి, ప్రపంచీకరణము, స్త్రీ: ఒక సమీక్ష

ప్రపంచీకరణమనగానే 1991 నాటి ఆర్థిక సంస్కరణలు, వాని వెనువెంటనే ఇంటి కప్పులమీద వెలసిన డిష్ యాంటెన్నాలు, అటుపిమ్మట అరచేతికి వచ్చిన సెల్‌ఫోనులు మన విమర్శకులకు జ్ఞప్తికి వచ్చుట పరిపాటియైనది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల చరిత్ర నెఱిగినవారికి ఈ కాలగణనము పొట్టిగా తోచును. నల్లరేగడి చేలలో పత్తి పండించి, దానిని ఆదోని అంగడికి తోలి బ్రదుకు వెళ్ళబుచ్చిన ఈ సీమ, 1861-65 సంవత్సరముల నడుమ అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగి మాంచెస్టరు మిల్లులకు అచ్చటి పత్తి అందక, దక్కను పత్తికి ధర చుక్కలనంటిన దినములలోనే, సముద్రములకావల జరుగు సంగతులు తన చేని లెక్కలను తారుమారు చేయగలవని తెలిసికొన్నది. ఇచ్చట ప్రపంచపు మార్కెట్టు ముందు వచ్చినది. ప్రపంచపు బొమ్మ తరువాత వచ్చినది. ఈ క్రమమును మఱచి, టెలివిజను వచ్చి పల్లెను చెడగొట్టినదని కొందఱును, టెలివిజను వచ్చి పల్లెపడుచునకు కన్నులు తెరపించినదని మఱికొందఱును చేయు వాదములు రెండును సగము సత్యములే. జనరంజక మాధ్యమములలో స్త్రీ ఎట్లు చిత్రితయగుచున్నదన్న ప్రశ్న అవశ్యము అడుగదగినదే కాని, ఆమె శ్రమ ఎవరి లాభమునకు పోవుచున్నది, ఆమెకు మిగులు తీరిక యెంత, బొమ్మ తీయు యంత్రము ఎవరి చేతనున్నది అను మూడు ప్రశ్నలను దానితో ముడివేసినగాని ఆ మొదటి ప్రశ్నకు సమాధానము దొరకదు. పూర్వపండితుల సిద్ధాంతములను ఈ పడమటి కర్నూలు నేలమీద నిలిపి చూచుటయే ఈ సమీక్షయొక్క ఉద్దేశము.

ఈ విషయమున సామాజికశాస్త్రజ్ఞులు చెప్పినదానిని స్థూలముగా మూడు పాయలుగా విభజింపవచ్చును. హిట్లరు పాలనను తప్పించుకొని అమెరికా చేరిన జర్మను తత్త్వవేత్తలు అడార్నో, హోర్క్‌హైమరులు 1940లలో ప్రతిపాదించినది మొదటి పాయ. పాటయు, చిత్రమును, కథయు కర్మాగారములో తయారగు సరుకులైపోయినవనియు, వానిని అనుభవించు జనులు తమకు తెలియకయే ఉన్న వ్యవస్థకు తలయొగ్గుదురనియు వారి వాదము. హెర్బర్టు షిల్లరు మొదలగువారు దీనినే దేశముల నడుమ సంబంధములకు అన్వయించి, సంపన్నదేశముల మాధ్యమములు తక్కిన దేశములమీద సాంస్కృతిక సామ్రాజ్యమును నెలకొల్పుచున్నవనిరి. రెండవ పాయకు ఇంగ్లండులోని బర్మింగ్‌హాము విశ్వవిద్యాలయము జన్మభూమి. అచ్చట స్టూవర్టు హాల్ 1973లో, మాధ్యమము పంపిన అర్థమునే ప్రేక్షకుడు గ్రహింపవలెనన్న నియమము లేదనియు, అతడు దానిని అంగీకరింపవచ్చును, సవరించుకొనవచ్చును, ఎదిరింపవచ్చుననియు నిరూపించెను. శృంగార నవలలు చదువు అమెరికను గృహిణులపై జానిస్ రాడ్వే 1984లోను, అమెరికను ధారావాహికను చూచు డచ్చి ప్రేక్షకులపై ఇయెన్ ఆంగ్ 1985లోను, దూరదర్శను చూచు ఢిల్లీ స్త్రీలపై పూర్ణిమా మంకేకర్ 1999లోను వెలువరించిన గ్రంథములు ఈ పాయలోనివే. మూడవది స్త్రీవాదుల పాయ. సినిమా కెమెరా పురుషుని కంటితో స్త్రీని చూచుననియు, చూచు స్త్రీ సైతము ఆ కంటినే అరువు తెచ్చుకొనవలసివచ్చుననియు లారా మల్వీ 1975లో వ్రాసిన వ్యాసము దీనికి మూలస్తంభము. ఈ మూటికిని పైగా, మనుష్యులు, ధనము, యంత్రములు, బొమ్మలు, భావములు వేర్వేరు వేగములతో ప్రపంచమంతట ప్రవహించుచున్నవని 1996లో అర్జున్ అప్పాదురై చేసిన ప్రతిపాదన, ప్రపంచీకరణమును ఒకేయొక దిక్కునుండి వచ్చు వరదగా భావించు అలవాటును మాన్పినది.

ఈ సిద్ధాంతములను పరీక్షించుటకు పూనుకొనుటకు ముందు, లింగభేదమును గూర్చిన చర్చ మనకు పడమటినుండి దిగుమతియైన దన్న అపోహను తొలగించుకొనుట మంచిది. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించి కర్నూలు జిల్లాలో చేరువఱకు బళ్ళారి మండలములోని భాగము. ఆ బళ్ళారియే తెలుగు నాటకమునకు ఒక పురిటిల్లు. ఆంధ్రనాటక పితామహుడని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు, చారిత్రక నాటకములకు ఒజ్జబంతియైన కోలాచలము శ్రీనివాసరావు అచ్చటివారే. ఆనాటి రంగమున స్త్రీపాత్రలను పురుషులు ధరించుట సర్వసామాన్యము; కోస్తాలో స్థానం నరసింహారావుగారి సత్యభామ ఆ సంప్రదాయమునకు పరాకాష్ఠ. కుటుంబమంతయు రంగమెక్కు సురభివారు 1885 నుండియే స్త్రీపాత్రలను స్త్రీలచేత ధరింపజేసినను, చదువుకొన్న సమాజములు దానిని ఆదర్శముగా గైకొనలేదు. బళ్ళారి రాఘవ (1880-1946) ఆ పద్ధతిని బాహాటముగా నిరసించి, స్త్రీపాత్ర స్త్రీయే ధరింపవలెనని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావతులను రంగమునకు రావించెను. స్త్రీ వేషమును పురుషుడు కట్టినచో కళ యనియు, స్త్రీయే కట్టినచో అపకీర్తి యనియు తలచిన సమాజమును ఆయన ఎదుర్కొనిన తీరు, నేటి మాధ్యమ విమర్శకులలో పెక్కండ్ర వ్రాతలకంటె సూటియైనది. ఆదోని ఆంధ్రలో కలిసిన 1953వ సంవత్సరముననే నటి భానుమతి ‘చండీరాణి’ చిత్రమునకు దర్శకత్వము వహించుట, రాఘవ తెఱచిన ద్వారమునుండి ఒక స్త్రీ బొమ్మ తీయు యంత్రము వెనుకకును పోగలిగినదనుటకు నిదర్శనము. విజయనిర్మల నలువదికి మించిన చిత్రములకు దర్శకత్వము నెఱపి గిన్నిసు గ్రంథమున కెక్కినను, ఆమె వెనుక నడచినవారి సంఖ్య నేటికిని వ్రేళ్ళమీద లెక్కింపదగినంతయే.

పత్రికల సంగతి క్లుప్తముగా ముగింపవచ్చును. 1883లో వీరేశలింగముగారి ‘సతీహితబోధిని’ మొదలు 1902 నాటి ‘హిందూసుందరి’, 1928 నాటి ‘గృహలక్ష్మి’ వఱకు స్త్రీల పత్రికలు స్త్రీకి చదువును, గృహధర్మమును ఒకే పళ్ళెరములో వడ్డించినవి. 1960లలో వారపత్రికల ధారావాహికలతో రచయిత్రులు పాఠకలోకమును ఏలిరి. 1974లో వెలసిన ‘ఈనాడు’ 1989లో జిల్లా పుటలను, 1990ల ఆరంభమున స్త్రీలకు ‘వసుంధర’ పుటను ఏర్పఱచి, స్త్రీయు ఒక పాఠకురాలని, అంతకుమించి ఒక కొనుగోలుదారు అని గుర్తించినది. రాబిన్ జెఫ్రీ మున్నగు పరిశోధకులు భారతీయభాషాపత్రికల విజృంభణమును వర్ణించుచు దీనిని విశేషముగా పేర్కొనిరి. ఆదోని డివిజనులో స్త్రీల అక్షరాస్యత చిరకాలము వెనుకబడియుండుటచేత, అచ్చట పత్రిక చదువబడినదానికంటె వినబడినదే ఎక్కువ. తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వీథిలో మారుమ్రోగు ఆ పట్టణమున ఒకే భాషలో అచ్చయిన పుటకు హద్దులుండుటయు సహజమే. కనుకనే ఇచ్చట జనరంజక సంస్కృతి యన్నచో ముఖ్యముగా కంటికిని చెవికిని సంబంధించినది.

సినిమా ఈ సీమకు చేసినది విచిత్రమైన మేలు, కీడు. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’ విజయవంతములైన పిమ్మట రాయలసీమ యనగా తెల్లచొక్కాలు, సుమో బండ్లు, వేటకొడవళ్ళు అను చిత్రము తెలుగుదేశమంతట నాటుకొనినది. ఆ చిత్రములయందు స్త్రీకి స్థానము లేదనరాదు, ఉన్నది. ఆమె బొట్టు చెరిపించుకొన్న తల్లిగానో, పగతీర్చుకొనుమని ప్రేరేపించు వృద్ధురాలిగానో, పాటలకై వచ్చి పోవు మరదలిగానో ఉండును. ఆమె కన్నీరు నాయకుని కత్తికి కారణమగును. ఆమె మాట ఆ కత్తిని ఆపలేదు. 2018లో వచ్చిన ‘అరవింద సమేత’ స్త్రీల మాటకు కొంత బరువునిచ్చి ఈ పద్ధతిని సవరింప యత్నించెను గాని, అందును కథకు ఇరుసు నాయకుడే. ఈ చిత్రములపై విమర్శ సాధారణముగా హింసవద్దనే ఆగిపోవును. నాకు అంతకంటె గణనీయముగా తోచునది మఱియొకటి కలదు: ఈ సీమ కథయని చెప్పబడిన ఆ కథలలో వాన రాని ఏడాది కనబడదు, తుంగభద్ర దిగువ కాలువ చివరి ఊరికి నీరందని బాధ కనబడదు, పత్తి తీయు చేతులు కనబడవు. పురుషదృష్టి స్త్రీ దేహమును ఎట్లు చూచునో లారా మల్వీ చెప్పినది. స్త్రీ పనిని ఆ దృష్టి అసలు చూడనేచూడదన్నది మన చేలగట్లపై నిలిచినప్పుడు తెలియును. ఇక తారల అభిమాన సంఘములను పరిశోధించిన ఎస్.వి. శ్రీనివాస్ వంటివారి రచనలు చూచినచో, అవి దాదాపుగా మగవారి లోకమని స్పష్టమగును. తెర ముందు ఈల వేయు హక్కు, కటౌటునకు దండ వేయు హక్కు, తారపేర ఊరిలో పెద్దఱికము సంపాదించుకొను హక్కు అన్నియు వారివే.

సినిమాహాలు వెలుపల ఉన్న స్త్రీని వెదకుకొనుచు ఇంటికి వచ్చినది టెలివిజను. 1977లో హైదరాబాదు దూరదర్శనుకేంద్రము, 1995లో జెమిని, ఈటీవీ ఛానెళ్ళు వచ్చుటతో సాయంకాలములు, అనంతరము మధ్యాహ్నములు కూడ ధారావాహికల పాలయ్యెను. ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ ఏండ్లతరబడి నడచినవి. ఇవి ఏడుపుగొట్టు కథలని చదువుకొన్నవారు ఈసడించుట కలదు. ఆ ఈసడింపునకు ముందు, అవి ఎచ్చట, ఏ స్థితిలో చూడబడుచున్నవో ఒక్కమారు గమనింపవలెను. ఎమ్మిగనూరు చేనేతకు పేరుగన్న ఊరు. 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన నేతపనివారి సహకార సంఘము దేశఖ్యాతి గడించినది, ఆయన 1954లో పద్మశ్రీ పురస్కారము నందెను. అచ్చటి మగ్గపుటింటిలో ముందుగది గుంటమగ్గమునకే సరిపోవును. పురుషుడు గుంటలో కాళ్ళు వ్రేలాడవైచి నాడె ఆడించుచుండ, గోడవార స్త్రీ రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టుచుండును. ఎదుట టెలివిజనులో అత్తకోడండ్ర కథ నడచుచుండును. ఆమె కుడిచేయి చక్రమును త్రిప్పును, ఎడమచేతి వ్రేళ్ళ నడుమ నూలు జారుచుండును, పోగు తెగునేమో యని చూపు కండెమీదనే నిలిచియుండును. మగ్గము చప్పుడులో మాట వినబడనప్పుడు మాత్రము ఆమె తలయెత్తి తెరవంక చూచును. మిగిలిన కాలమంతయు కథను చెవితోనే చూచును. ఒకే మాటను నలుగురు పాత్రల నోట నాలుగుమారులు చెప్పించుట, ప్రతి ముఖముమీదను కెమెరా నిలిచి ఢమఢమ వాద్యము మ్రోగించుట అను దోషములు మనము ఎగతాళి చేయునవే. అవి పనిలోనున్న ప్రేక్షకురాలికై అమర్చిన సౌకర్యములని ఈ ఇంటిలో బోధపడును. పగటివేళ ధారావాహికల నడక గృహిణి పనుల తెంపులకును అంతరాయములకును సరిపడునట్లు కుదిరినదని అమెరికను విమర్శకురాలు తానియా మాడ్లెస్కీ 1980లలోనే వ్రాసెను. చీకటిహాలులో తీరికగా కూర్చుండి చూచు కన్నును ఊహించుకొని కట్టిన సిద్ధాంతములు ఈ రాట్నము ముందు అక్కఱకు రావు.

ధారావాహికలలోని వస్తువును పరిశీలించితిమేని ప్రపంచీకరణము నేడు ఏ మార్గమున నడచుచున్నదో తెలియును. పాశ్చాత్య కార్యక్రమము యథాతథముగా మన ఇంటికి వచ్చిన కాలము గతించినది. డచ్చివారు 1999లో ఆరంభించిన ‘బిగ్ బ్రదర్’ 2017లో ‘బిగ్ బాస్’ పేర తెలుగు మాటలాడినది. హిందీలో బాల్యవివాహమును గూర్చి వచ్చిన ‘బాలికా వధు’ ‘చిన్నారి పెళ్ళికూతురు’ అయినది. మలయాళములోని ‘కరుత్తముత్తు’ 2017లో ‘కార్తీకదీపం’గా మారి ఏండ్లతరబడి తెలుగు ఇండ్లను ఏలినది. మా టీవీ 2015లో, నాడు అమెరికను యాజమాన్యములోనున్న స్టార్ సంస్థ చేతికి పోయినదని తలచుకొన్నచో, పెట్టుబడి సముద్రము దాటి రాగా కథ మాత్రము పొరుగింటినుండి వచ్చినదని తెలియును. అప్పాదురై చెప్పిన భిన్నప్రవాహముల మాట ఇచ్చట అక్షరాల సరిపోవును. ‘కార్తీకదీపం’ నలుపురంగు స్త్రీ పడు అవమానములను కథావస్తువుగా గైకొని ఎందఱో ప్రేక్షకురాండ్ర హృదయములను కదలించినది; ఆ పాత్రను ధరించిన నటి తెల్లని ఛాయ గలది, నలుపు రంగుపూతతో తెచ్చినది. 1975లో మన దేశమున విక్రయమునకు వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీగా పేరు మార్చుకొన్నది గాని, అది అమ్మిన ఆశ మారలేదు. రంగును గూర్చిన బాధయు, ఆ బాధకు మందును ఒకే తెరమీద పక్కపక్కన అమ్ముడుపోవుట అడార్నో వాదమునకు బలము చేకూర్చును. అయినను నల్లని కోడలు వంటలు చేసి తన కాళ్ళపై తాను నిలిచిన కథను చూచి, మా యింటిలోను రంగుమాట ఎత్తనీయనని పంతము పట్టిన ఇల్లాలు ఉండదని చెప్పజాలము. అట్టి సంభావ్యతను హాల్ మతము కాపాడుచున్నది. రెండు మతములును ఒకే ధారావాహికలో ఇముడుట చూడగా, ఒకదానిని గెలిపించి రెండవదానిని ఓడించు తొందర విమర్శకునికి తగదు.

ఇక ఈ సీమను మాధ్యమములు ఎప్పుడు తలచుకొనునో గమనింతము. దసరా రాత్రి హొళగుంద మండలములోని దేవరగట్టు మాళమల్లేశ్వరుని బన్ని ఉత్సవమున ఉత్సవమూర్తులకై పల్లెలవారు కఱ్ఱలతో తలపడుదురు. రాష్ట్రములోని ఛానెళ్ళన్నియు అచ్చట మకాము వేయును. ఉగాది మఱునాడు ఆస్పరి మండలము కైరుప్పలలో పిడకల సమరము జరుగును, అదియు ప్రసారమగును. హోలీ దినములలో ఆదోని మండలము సంతేకుడ్లూరులో మగవారు మ్రొక్కు తీర్చుకొనుటకై చీరకట్టి, నగలు పెట్టి, పూలు ముడిచి రతీమన్మథులను పూజింతురు. వింత ఆచారమను శీర్షికతో ఆ దృశ్యము దేశమంతటను తిరుగును. ఈ మూడవది లింగభేదమును గూర్చి ఆలోచించువానికి మిక్కిలి విలువైన సందర్భము. చీరకట్టుట నామోషీ కాదు, మ్రొక్కు; ఉద్యోగము, వివాహము, సంతానము కోరి పెద్దచదువులు చదివినవారును కట్టుదురు, ఊరు నవ్వదు. ఈ సీమలో దేవతకు అంకితమైన బసివి స్త్రీకి ఆస్తి, అంత్యక్రియల విషయమున కొడుకు హక్కులుండుటను పందొమ్మిదవ శతాబ్దాంతమున ఫ్రెడ్ ఫాసెట్ గుర్తించి వ్రాసెను. ఆ ఆచారమున స్త్రీకి జరిగిన అన్యాయము ఘోరమైనదే, 1988లో శాసనము దానిని నిషేధించుటయు న్యాయమే. కాని స్త్రీత్వ పురుషత్వములు పుట్టుకతో బిగిసిన కవచములు కావనియు, సమాజమే వానిని తొడుగుచు విప్పుచుండుననియు ఈ నేల ఏనాడో ఎఱుగును. కెమెరా ఈ జ్ఞానమును వింతగా మార్చి అమ్ముకొనుచున్నది. అంతకుమించి ఆలోచింపదగిన దొకటి కలదు: ఏటేట కెమెరాలను ఈ సీమకు రప్పించు మూడు ఉత్సవములలోను దృశ్యమునకు కేంద్రము పురుషుడే. స్త్రీ చీర వార్తయైనదీ, దానిని మగవాడు కట్టినప్పుడే.

ఈ సీమ స్త్రీ వార్తగా కనబడు సందర్భములు వేరు. బిందెల వరుస ఒకటి, సుగ్గికి, అనగా కోతకాలపు వలసకూలికి, పోవు బండి మఱొకటి. వర్షము తప్పిన ఏట కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళము, ఆదోని మండలముల పల్లెలనుండి కుటుంబములకు కుటుంబములు ఇండ్లకు తాళములు వైచి మిరపకోతలకు, పత్తితీతలకు గుంటూరు వైపు సుగ్గికి పోవుట అందఱు నెఱిగినదే. పోవువారిలో బడి మానిన బాలికలుందురు; పెద్దలు చేనికి పోగా చంటివారిని చూచుకొనుట వారి వంతు. వీరిని చూపు దృశ్యములలో వారు నోరులేని దైన్యమునకు చిహ్నములుగా నిలుతురు; ఎకరమునకు కూలి యెంత, మేస్త్రీ ఎంత మినహాయించుకొనెను, రాత్రి ఎచ్చట పడుకొందురు అన్న ప్రశ్నలు ఎవ్వరును మైకు ముందుంచి అడుగరు. ఈ కూలిబ్రదుకునకును ప్రపంచీకరణమునకును గల లంకె 2002లో దేశమున బీటీ పత్తికి అనుమతి లభించిన పిమ్మట మఱింత బిగిసెను. అట్టి పత్తికి సంకరవిత్తనము కావలెనన్నచో సాయంకాలము ప్రతి మొగ్గను విప్పి కేసరములను తీసివైచి, మఱునాటి ఉదయము వేఱుమొక్క పుప్పొడిని దానికి రుద్దవలెను. పల్లెలలో దీనిని క్రాసింగ్ పని యందురు. ఎకరము చేనిలో వేలకొలది మొగ్గలు, వానికి సన్నని వ్రేళ్ళు. ఆ వ్రేళ్ళకై బాలికలను కుదుర్చుకొనిరి. దావులూరి వెంకటేశ్వర్లు మొదలగు పరిశోధకులు 2000ల ఆదినుండి ఈ బాలికాశ్రమను, దాని వెనుకనున్న బహుళజాతి విత్తనసంస్థల ఒప్పందములను బహిర్గతము చేసిరి. వారి నివేదికలు ఐరోపాలో చర్చలు రేపినవి. అనగా ఈ సీమ బాలిక ప్రపంచమునకు తెలిసినది పాటవలననో నాటకమువలననో కాదు, ఒక కార్మిక నివేదికవలన. అదే కాలమున తెలుగు తెరమీద రాయలసీమ యనగా సుమోలు గాలిలో ఎగురుచుండుట ఎంతటి విషాదహాస్యము!

2016 తరువాత చౌకయైన డేటాతో సెల్‌ఫోను వచ్చి ఈ లెక్కలను కొంత మార్చినది. బొమ్మ తీయు యంత్రము సామాన్యుని చేతికి వచ్చుట ఇదియే ప్రథమము. 2020 జూనులో నిషిద్ధమగువఱకు టిక్‌టాక్, పిమ్మట ఇన్‌స్టాగ్రాము రీల్సు, యూట్యూబు మన పల్లెలను ఒక చిన్న రంగస్థలముగా మార్చినవి. పొరుగు జిల్లాలోని గుత్తి మండలపు తండానుండి వచ్చిన మంగ్లీ, టెలివిజనులో ‘తీన్మార్’ వార్తలు చదివి, పండుగపాటలు యూట్యూబులో పాడి సినిమాపాటకు ఎదిగినది. తెలంగాణమున లంబాడిపల్లి గంగవ్వ ‘మై విలేజ్ షో’తో, కోస్తాలో శతవృద్ధురాలు మస్తానమ్మ తన వంటలతో దేశాంతరములలో ప్రేక్షకులను సంపాదించిరి. తండా యువతి, బీడీలు చుట్టి బ్రదికిన పల్లె అవ్వ, ఆరుబయట రాళ్ళపొయ్యిమీద వండు ముదుసలి సినిమా ఎన్నడును నాయికలుగా ఎన్నుకొననివారు. ఇది చిన్న మార్పు కాదు. అయినను ఫోను ఇంటికి ఒకటే యున్నచోట అది ఎవరి జేబులో పగలంతయు తిరుగుచుండునో చెప్పనక్కఱలేదు. రీలు పెట్టిన పడుచునకు వచ్చు వ్యాఖ్యల భాష ఎట్టిదో, ఆ వ్యాఖ్యలకు జడిసి ఇంటివారే ఫోను లాగికొందురన్న సంగతియు మనము ఎఱుగనిది కాదు. రాఘవ కాలమున రంగమెక్కిన స్త్రీపై పడిన నింద నేడు వేషము మార్చుకొని తిరిగివచ్చినది. ఇంతేకాక, ఎవరి దృశ్యము ఎవరికి చూపవలెనో నిర్ణయించు లెక్క కాలిఫోర్నియాలోని సంస్థల గుప్పిటనుండును. యంత్రము చేతికి వచ్చినను తాళపుచెవి రాలేదు.

తాళపుచెవి కూడ స్త్రీల చేతికి వచ్చిన సందర్భములు తెలుగునేలమీద లేకపోలేదు. 1990ల ఆరంభమున నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా వాచకములోని సీతమ్మకథ చదివి సారాయంగడిని మూయించిరి. పత్రికలు ఆ పోరాటమును ఇంటింటికి చేర్చినవి. 1993 అక్టోబరులో సారాయి నిషేధమయ్యెను. సూసీ తారూ, తేజస్వినీ నిరంజనలు సమకాలీన లింగభేదచర్చలో ఈ ఉద్యమమునకు ముఖ్యస్థానము కల్పించిరి. వాచకములోని కథను పాఠకురాండ్రు తమ కథగా మార్చుకొనిన ఈ ఘట్టము, హాల్ సిద్ధాంతమునకు తెలుగుదేశము ఒసగిన గొప్ప ఉదాహరణము. జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళితస్త్రీలు వీడియో కెమెరా పట్టి తమ విత్తనములను, పంటలను తామే చిత్రించిరి. 2008లో మాచనూరునుండి సంఘం రేడియో వారి గొంతుతోనే ప్రసారమారంభించినది. బీటీ పత్తి రైతుల అనుభవమును ఆ స్త్రీలు చిత్రముగా తీసి దేశదేశములలో చూపిరి. చిత్తూరుజిల్లాలో పొదుపుసంఘముల స్త్రీలు ‘నవోదయం’ పత్రికకు తామే విలేఖరులైరి. వీనిలో ఏదియు కోట్ల రూపాయల వ్యాపారము కాదు. కాని వీనిలో స్త్రీ యెట్లు చిత్రితయైనదను ప్రశ్నయే పుట్టలేదు; చిత్రించువారు వారే కనుక.

పై పరిశీలనమునుండి తేలున దేమి? సాంస్కృతిక సామ్రాజ్యవాద సిద్ధాంతము యాజమాన్యమును గూర్చి చెప్పినది సత్యము, ప్రేక్షకులను మాత్రము అది తక్కువగా అంచనా వేసినది. ప్రేక్షకస్వాతంత్ర్య సిద్ధాంతము దీనికి విపర్యయము: అర్థము చెప్పుకొను నేర్పు రాట్నము ముందు కూర్చున్న ఇల్లాలికి సమృద్ధిగా ఉన్నది, కాని అర్థము మార్చుకొన్నంత మాత్రమున కండెకూలి పైసా పెరుగదు. పురుషదృష్టి సిద్ధాంతము కనబడు స్త్రీని రక్షించుటలో నిమగ్నమై, కనబడని స్త్రీని విడిచినది. ఈ మూడింటికిని కొఱవడినది శ్రమను గూర్చిన చూపు. ఇట్లనుటవలన పాటయు, కథయు కూలిలెక్కలకు లోబడవలెనని నేను కోరుచున్నట్లు భావింపరాదు. వినోదము పేదవారికి విలాసము కాదు. దినమంతయు మొగ్గలు విప్పిన చేతులకు రాత్రి ఒక పాట అన్నమంత అవసరము. ఆ పాటలో తన ఊరు, తన పని, తన యాస గౌరవముతో వినబడు హక్కు ఆ చేతులకున్నదనుటయే నా వాదము. యాసను ప్రతినాయకుని నోటను, హాస్యగాని నోటను మాత్రమే వినిపించు అలవాటు స్త్రీని కన్నీటికే పరిమితము చేయు అలవాటునకు తోబుట్టువు.

ఇకమీద ఈ విషయమున పరిశోధనకు పూనుకొనువారు హైదరాబాదు, చెన్నపట్టణముల స్టూడియోలకు, విదేశ విశ్వవిద్యాలయ గ్రంథాలయములకు పరిమితము కాక, మగ్గపుటిండ్లలో టెలివిజను ఏ వేళలందు పలుకునో, సుగ్గికి పోయిన గుడిసెలలో ఫోను ఎవరిచేతనుండునో, క్రాసింగ్‌కు పోయి వచ్చిన బాలిక ఏ పాట పాడుకొనునో పరిశీలింపవలెను. ప్రభుత్వము పని కూడ కొంత కలదు. సముదాయ రేడియోకు అనుమతులిచ్చు విధానము దేశమున 2006 నుండియే స్వచ్ఛందసంస్థలకు తెఱచియున్నది. తెలుగు, కన్నడము, ఉర్దూ మూడు భాషలలో పలుకగల అట్టి కేంద్రమునకు ఆదోని డివిజనుకంటె తగిన చోటు అరుదు. పొదుపుసంఘములలో లెక్కలు వ్రాయ నేర్చిన స్త్రీలు వార్త వ్రాయుటయు నేర్వగలరని చిత్తూరు నిరూపించినది. ఒక మాధ్యమము స్త్రీకి న్యాయము చేసినదా అని తూచుటకు తెరమీద ఎందఱు స్త్రీలు కనబడిరి, వారు ఎంత గౌరవముగా కనబడిరి అన్న కొలత మాత్రమే చాలదు; ఆ తెర వెనుక ఎందఱు స్త్రీలు కూలి పొందిరి, ఎందఱు నిర్ణయములు చేసిరి, తెర ఎదుట కూర్చుండుటకు ఎందఱికి తీరిక దొరికినది అన్న కొలతలతో దానిని సరిచూడవలెను. ఈ నాలుగు కొలతలలో మొదటిదానిని మాత్రమే చేపట్టి తృప్తినొందుచున్నంతకాలము మన మాధ్యమ విమర్శయు, అది ఖండించు మాధ్యమమువలెనే, బొమ్మలకు లోబడియే యుండును.